70 టెస్టుల ప్యాకేజీ ఎక్కువా, గల్లీ క్లినిక్‌లో బీపీ మెషిన్ ఎక్కువా?

క్లుప్తంగా: ఆరోగ్యంగా ఉన్న మనిషికి చేసే టెస్టులు పెరిగేకొద్దీ, లేని జబ్బు ఉన్నట్టు కనిపించే అవకాశం కూడా పెరుగుతుంది. ఇంటి దగ్గరి క్లినిక్‌లో చూసేవి నాలుగైదే. కానీ మన దగ్గర ఎక్కువమందికి వచ్చే జబ్బులు, ముందే తెలిస్తే చేయగలిగింది ఉన్న జబ్బులు ఆ నాలుగైదింటిలోనే బయటపడతాయి. చిక్కంతా డాక్టర్ దగ్గరికి రెండోసారి వెళ్లే దగ్గర వస్తోంది.

ఉదయం పేపర్ విప్పగానే మధ్యలోంచి ఓ కరపత్రం జారి పడుతుంది. ఫుల్ బాడీ చెకప్, 70కి పైగా టెస్టులు, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు, సాయంత్రానికల్లా వాట్సాప్‌లో రిపోర్టు. పాత పన్ను విధానంలో ఉన్నవారికి ప్రివెంటివ్ హెల్త్ చెకప్ ఖర్చు మీద 5,000 రూపాయల వరకు మినహాయింపు కూడా ఉంది కాబట్టి, ఉద్యోగస్తులకు ఇది రెండు విధాలా లాభంగానే కనిపిస్తుంది.

అదే వీధి చివర క్లినిక్‌కి వెళ్తే డాక్టర్ బరువు చూస్తారు, బీపీ చూస్తారు, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడుగుతారు. ‘ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, నెల తర్వాత ఒకసారి కనిపించండి’ అని పంపిస్తారు. బయటికి వచ్చాక చాలామంది అనేది ఒకటే మాట: ‘ఒక్క టెస్టు కూడా రాయలేదు, సరిగ్గా చూసినట్టు లేదు.’

ఈ రెండింటిలో ఏది ముందుజాగ్రత్త అన్నది ఖర్చును బట్టి, టెస్టుల సంఖ్యను బట్టి తేలేది కాదు. రిపోర్టులోని అంకెలు ఎలా పుడతాయో చూస్తే విషయం కొంత తేటపడుతుంది.

70 అనే అంకె ఎక్కడిది?

ప్యాకేజీలో 70 టెస్టులంటే 70 రకాల పరీక్షలు కావు. కంప్లీట్ బ్లడ్ పిక్చర్ అనేది ఒకే ట్యూబు రక్తం, ఒకే మెషిన్. అందులోంచి హిమోగ్లోబిన్, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, వాటి శాతాలు, సైజులు కలిపి 20కి పైగా అంకెలు వస్తాయి. వాటిలో ప్రతి అంకెనూ ఒక టెస్టుగా లెక్కేస్తారు. లివర్ ప్రొఫైల్‌లో పదో పన్నెండో, కొలెస్ట్రాల్‌లో ఏడెనిమిది, థైరాయిడ్‌లో మూడు, మూత్రపరీక్షలో మరో డజను. కొలెస్ట్రాల్ అంకెల్లో కొన్నయితే కొలిచినవి కూడా కావు, ఒకదాన్ని ఇంకోదానితో భాగించి రాసినవి. విడగొట్టి చూస్తే చేసిన అసలు పరీక్షలు ఏడెనిమిది దాటవు.

ఇందులో మోసమేమీ లేదు, లెక్కపెట్టే పద్ధతి అంతే. అయితే ఈ జాబితాలో సాధారణంగా ఉండనిది బీపీ. రక్తం తీసుకోవడానికి ఇంటికి వచ్చే కుర్రాడి పని ట్యూబులు నింపుకుని వెళ్లడం వరకే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అనే దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం దేశంలో పెద్దవారిలో 35.5 శాతం మందికి హైబీపీ, 11.4 శాతం మందికి షుగర్ ఉన్నాయి. అంటే ముగ్గురిలో ఒకరికి పైగా ఉన్న జబ్బు ఆ 70 అంకెల్లో ఎక్కడా కనిపించదు.

స్టార్ గుర్తు వెనక లెక్క

రిపోర్టు రాగానే అందరి కళ్లూ వెతికేది బోల్డ్ అక్షరాల్లో, పక్కన స్టార్ గుర్తుతో ఉన్న అంకెల్నే. ఆ గుర్తు ఎలా పడుతుందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

‘నార్మల్ రేంజ్’ను సాధారణంగా ఆరోగ్యవంతుల రక్తం పరీక్షించే నిర్ణయిస్తారు. వచ్చిన విలువలన్నీ వరుసగా పేర్చి, మధ్యలో ఉన్న 95 శాతాన్ని నార్మల్ అంటారు. రెండు చివర్లలో మిగిలిన 5 శాతం మంది కూడా ఆరోగ్యవంతులే, కాకపోతే గీతకు అవతల పడ్డారు. అంటే ఏ జబ్బూ లేని మనిషికి కూడా ఒక్కో టెస్టులో స్టార్ పడే అవకాశం 5 శాతం ఉంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేయిస్తే, కనీసం ఒక్కదానిలోనైనా స్టార్ పడే అవకాశం 64 శాతానికి చేరుతుంది. ఇన్ని అంకెలున్న రిపోర్టులో ఒక్క స్టార్ కూడా లేకపోతేనే వింత.

ఆ తర్వాత మొదలయ్యేది గొలుసు. ఉదాహరణకు లివర్ ప్రొఫైల్‌లోని ఎస్‌జీపీటీ 40 లోపు ఉండాల్సింది 46 వచ్చిందనుకుందాం. ముందు రోజు జిమ్‌లో బరువులు ఎత్తినా, వారం కిందట జ్వరానికి మాత్రలు మింగినా అది అంత మాత్రం పెరగొచ్చు. కానీ చూసిన మనిషికి నిద్ర పట్టదు. అల్ట్రాసౌండ్ తీయిస్తారు. ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని వస్తుంది. పొట్ట ఉన్నవారిలో అది ఎంత మామూలంటే, స్కాన్ తీయకపోయినా ఊహించవచ్చు. దానికి చెప్పే వైద్యం కూడా బరువు తగ్గమని, నడవమని, మద్యం మానమనే. క్లినిక్ డాక్టర్ నడుము కొలత చూసి చెప్పే మాట కూడా అదే. భారతీయుల్లో నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ముప్పు మొదలైనట్టు లెక్క. దానికి కావలసింది దర్జీ టేపు.

విటమిన్ డి కథ ఇంకొకటి. రిపోర్టులో తక్కువని చూసి చాలామంది 60,000 యూనిట్ల సాచెట్లు తామే కొనుక్కుంటారు. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు వాడాల్సిన దాన్ని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. ముందుజాగ్రత్త కోసం చేయించిన టెస్టు నుంచే కొత్త జబ్బు తెచ్చుకోవడం అంటే ఇదే.

అదే టెస్టు, ఊరు మారితే అర్థం మారుతుంది

ఒక టెస్టును ఎంతవరకు నమ్మాలన్నది మెషిన్ మీదే ఆధారపడదు. ఎవరికి చేస్తున్నారన్నది కూడా అంతే ముఖ్యం. ఊహకు ఒక లెక్క వేద్దాం. జబ్బు ఉన్నవారిలో 90 శాతాన్ని పట్టుకునే టెస్టు ఒకటుంది. జబ్బు లేనివారిలో 5 శాతం మందికి పొరపాటున ‘ఉంది’ అంటుంది. వెయ్యి మందిలో పది మందికే ఆ జబ్బు ఉన్న ఊళ్లో ఈ టెస్టు చేస్తే తొమ్మిది మంది నిజంగా దొరుకుతారు, దాదాపు 50 మంది ఊరికే దొరుకుతారు. వెయ్యికి 200 మందికి జబ్బున్న ఊళ్లో చేస్తే 180 మంది నిజంగా, 40 మంది పొరపాటుగా దొరుకుతారు. టెస్టు ఒకటే. మొదటి ఊళ్లో ‘పాజిటివ్’ అంటే ఆరింట ఐదుసార్లు అబద్ధం, రెండో ఊళ్లో ఐదింట నాలుగుసార్లు నిజం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఇందుకు మంచి ఉదాహరణ. కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు గ్రామాల్లో షుగర్, బీపీ లేనివారికి కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. ఎన్నో పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. అక్కడ 35 ఏళ్ల కూలీకి ఏ లక్షణమూ లేకపోయినా కిడ్నీల పనితీరు చెప్పే సీరం క్రియాటినిన్ చూడటంలో పూర్తి అర్థం ఉంది. ఒళ్లు నొప్పులని వచ్చినవారికి నొప్పి ఇంజెక్షన్ వేయకుండా ఆలోచించడమూ అక్కడి డాక్టర్ చేయగల పెద్ద ముందుజాగ్రత్త, ఎందుకంటే డైక్లోఫినాక్ లాంటి నొప్పి మందులు కిడ్నీకి రక్తం అందే దారిని కుంచింపజేస్తాయి. హైదరాబాద్‌లో అదే వయసున్న, ఏ ముప్పూ లేని ఉద్యోగికి ఏటా క్రియాటినిన్ చూస్తే కొత్తగా తెలిసేది పెద్దగా ఉండదు.

ఉత్తరాంధ్ర తీర గ్రామాల్లో ఇంకో అలవాటుంది. అడ్డపొగ. చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో. ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది, అందుకే అక్కడ అంగిలి క్యాన్సర్ కనిపిస్తుంది. నోరు తెరిపించి టార్చిలైటు వేసి అంగిలిని చూడటానికి అర నిమిషం చాలు. ఏ రక్తపరీక్ష ప్యాకేజీ ఆ పని చేయదు. పొగాకు, మద్యం అలవాటున్నవారికి ఇలా నోటిని కళ్లతో పరీక్షించడం వల్ల మరణాలు తగ్గుతాయని తిరువనంతపురంలో జరిగిన పెద్ద అధ్యయనంలో తేలింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలోనూ అంతే. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్‌నే పలచగా పూసి తెల్లబడిన చోటును గుర్తించే పరీక్ష ముంబైలో మరణాలను దాదాపు మూడోవంతు తగ్గించింది. మరోవైపు కొన్ని ఖరీదైన ప్యాకేజీల్లో ఉండే సీఏ-125 అనే రక్తపరీక్ష సంగతి చూడండి. బ్రిటన్‌లో రెండు లక్షల మంది ఆడవారిపై ఏళ్ల తరబడి సాగిన ట్రయల్‌లో, దాని ఆధారంగా చేసిన అండాశయ క్యాన్సర్ స్క్రీనింగ్ మరణాలను తగ్గించలేదని 2021లో తేలింది.

కొరియాలో ఏం జరిగింది

దక్షిణ కొరియా 1999లో ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. కానీ కొంచెం అదనంగా కడితే మెడకు కూడా స్కాన్ తీస్తామని ఆసుపత్రులు చెప్పాయి, జనం కట్టారు. 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం పెరగలేదు, తగ్గలేదు. దొరికినవాటిలో ఎక్కువ భాగం మనిషిని ఎప్పటికీ ఇబ్బంది పెట్టని చిన్న గడ్డలన్నమాట. వాటి కోసం వేలమంది గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్ర మింగే పరిస్థితికి వచ్చారు. 2014లో అక్కడి డాక్టర్లు కొందరు బహిరంగంగా అభ్యంతరం చెప్పాక ఏడాదిలోనే ఆపరేషన్లు మూడోవంతుకు పైగా తగ్గాయి.

జనరల్ హెల్త్ చెకప్‌ల మీద రెండున్నర లక్షల మంది వివరాలతో 2019లో వచ్చిన, ఎన్నో ట్రయల్స్‌ను కలిపి చూసిన కొక్రేన్ సంస్థ సమీక్ష కూడా మొత్తం మరణాల్లో తేడా లేదనే చెప్పింది. అయితే ఆ ట్రయల్స్ ఎక్కువగా యూరప్, అమెరికాల్లో జరిగినవి. అక్కడ మామూలు రోజుల్లోనే ఫ్యామిలీ డాక్టర్ బీపీ చూస్తూ ఉంటాడు కాబట్టి చెకప్ వల్ల అదనంగా వచ్చేది తక్కువ. 40 ఏళ్లు వచ్చినా చేతికి ఒక్కసారీ బీపీ మెషిన్ చుట్టించుకోని మనిషి విషయంలో ఆ ఫలితాన్ని నేరుగా వర్తింపజేయలేం.

బీపీ చూడటం కనిపించినంత తేలిక కాదు

క్లినిక్‌లో మామూలుగా జరిగేది ఇదీ. మనిషి ఎండలో వచ్చి, మెట్లెక్కి, అరగంట నిలబడి, పిలవగానే గబగబా లోపలికి వెళ్తాడు. బిగుతు చొక్కా చేయి పైకి మడుస్తారు. పట్టీ చుట్టి గాలి ఎక్కిస్తుండగానే ‘నిద్ర పడుతోందా, మోషన్ అవుతోందా’ అని అడుగుతారు, అతను జవాబు చెబుతూ ఉంటాడు. చేయి కిందికి వేలాడుతోంది. 152/94. ‘బీపీ వచ్చింది’ అంటారు.

ఇందులో ప్రతిదీ అంకెను పైకి తోసేదే. మాట్లాడితే పెరుగుతుంది. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఆనకపోతే పెరుగుతుంది. మూత్రం ఆపుకుని కూర్చుంటే పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ చుడితే ఇంకా ఎక్కువ చూపిస్తుంది. అరగంట లోపు కాఫీ, టీ, సిగరెట్ తాగినా అంతే. అదే మనిషిని కుర్చీకి వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టి చూస్తే 136/86 రావచ్చు. అందుకే ఒక్కరోజు ఒక్క రీడింగుతో ఎవరికీ బీపీ ముద్ర వేయకూడదు. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకంటే ఎక్కువ ఉంటేనే హైబీపీ అంటారు. ఇంట్లో సొంత మెషిన్‌తో చూసుకుంటే గీత కాస్త కిందికి, సగటు 135/85 దగ్గరికి వస్తుంది. ‘నెల తర్వాత కనిపించండి’ అన్న మాటకు అర్థం ఇదే. రోగికి అది తప్పించుకునే జవాబులా వినిపిస్తుంది, నిజానికి పరీక్షలో సగం అదే.

తల తిరిగితేనో, మెడ నరాలు లాగితేనో బీపీ అనుకోవడం మన దగ్గర బలంగా ఉంది. చాలామందిలో హైబీపీ ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి ఉంటుంది. ఈలోపు ఎదురొత్తిడి మీద రక్తాన్ని నెట్టీ నెట్టీ గుండె కండరం మందమవుతుంది, మెదడులో, కిడ్నీలో సన్నని రక్తనాళాలు గట్టిపడతాయి. బయటికి తెలిసే మొదటి లక్షణం కొందరిలో పక్షవాతమే.

ఉప్పు సలహా వెనక ఉన్నదీ ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపు, అంటే అన్నీ కలిపి చిన్న చెంచాడు ఉండాలంటుంది. కూరలో తగ్గించి పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ పెట్టుకుంటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. సైంధవ లవణం వాడితే ఫరవాలేదన్నది కూడా అపోహే, అందులోనూ అధిక భాగం సోడియం క్లోరైడే.

‘బోర్డర్‌లో ఉంది’ అంటే

పరగడుపున షుగర్ 126 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, దాదాపు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ 6.5 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా మళ్లీ ఒకసారి చూసి షుగర్ జబ్బని ఖాయం చేస్తారు. దానికి కింద, పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉన్నదాన్నే జనం బోర్డర్ షుగర్ అంటారు. క్లినిక్ మాటకు అన్నిటికన్నా ఎక్కువ విలువ ఉన్న దశ ఇది. గ్లూకోజ్ తాగాక షుగర్ ఎక్కువగా ఉన్నా ఇంకా జబ్బు గీత దాటనివారి మీద చెన్నైలో జరిగిన భారత డయాబెటిస్ నివారణ కార్యక్రమం ఫలితాలు 2006లో వచ్చాయి. మూడేళ్లలో, మామూలు సలహాతో వదిలేసినవారిలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక విషయంలో పదే పదే వెంటపడి చెప్పించుకున్నవారిలో 39.3 శాతం మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఇచ్చినవారిలోనూ దాదాపు అంతే తగ్గుదల. తేడా తెచ్చింది సలహా ఒక్కటే అనలేం, ఎందుకంటే సలహా రెండు గుంపులకూ అందింది. వెంటపడటం ఒక గుంపుకే అందింది.

హెచ్‌బీఏ1సీ విషయంలో మన ఆడవారికి ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, అంతకాలం దానికి అంటుకున్న చక్కెరను ఈ టెస్టు కొలుస్తుంది. ఐరన్ లోపం ఉంటే షుగర్ పెరగకపోయినా ఈ అంకె కాస్త ఎక్కువ చూపించవచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల ఆడవారిలో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. కాబట్టి 5.9, అంటే బోర్డర్ అని వచ్చిన రిపోర్టును హిమోగ్లోబిన్‌తో కలిపి చదవాలి. ప్యాకేజీలో ఈ రెండూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి, కలిపి చదివే మనిషి ఉండడు.

తిండి దగ్గర మరో మాట. అన్నం మానేసి పొద్దునా సాయంత్రం రాగి జావ తాగితే షుగర్ తగ్గుతుందని చాలామంది నమ్మకం. మెత్తగా విసిరి, నీళ్లలో ఉడికించిన పిండి ఏ ధాన్యానిదైనా త్వరగా అరిగి త్వరగా రక్తంలోకి చేరుతుంది. కంచంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచడం, తిన్నాక పది పదిహేను నిమిషాలు నడవడం అంతకన్నా పని చేస్తాయి. కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లాక్కుంటుంది.

మాత్ర మొదలుపెడితే ఇక అంతేనా?

బీపీ మాత్ర అలవాటైపోతుందన్న భయం వల్ల మానేసేవారు ఎక్కువ. మానగానే బీపీ తిరిగి పెరగడాన్ని అలవాటుకు గుర్తుగా చూస్తారు. అది కళ్లజోడు తీస్తే మళ్లీ మసకగా కనిపించడం లాంటిది. జబ్బు ఎక్కడికీ పోలేదు, అణిగి ఉందంతే. ఇంకొందరు అమ్లోడిపిన్ వేసుకున్నాక కాళ్లు వాయడం చూసి కిడ్నీలు పాడయ్యాయని హడలిపోయి ఆపేస్తారు. ఆ వాపు కొందరిలో ఆ మందు వల్లే వస్తుంది, డాక్టర్‌కి చెబితే మోతాదు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు. ఈ రెండు ముక్కలూ మొదటి రోజే చెప్పి ఉంటే ఆ మనిషి మాత్ర మానేవాడు కాదు.

రెండు నిమిషాల్లో ఎంత చెప్పగలరు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. భారత్‌లో ప్రాథమిక వైద్యంలో ఒక్కో రోగికి దొరికే సమయం సగటున 2.3 నిమిషాలని 2017లో ప్రచురితమైన అంతర్జాతీయ సమీక్ష ఒకటి లెక్కగట్టింది. ప్రైవేటు క్లినిక్‌కి ఆదాయం వచ్చేది ఓపీ ఫీజు నుంచి, మందుల నుంచి. పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి చెప్పినందుకు విడిగా ఎవరూ డబ్బు ఇవ్వరు. ల్యాబులతో కమీషన్ ఒప్పందాలున్న చోట, టెస్టు రాయని డాక్టరే నష్టపోతాడు. పాత రికార్డూ ఉండదు. పోయినసారి బీపీ ఎంతో రాసిన చీటీ బియ్యం డబ్బా మీదో, టీవీ వెనకో ఉంటుంది.

ప్రభుత్వాలు ఈ ఖాళీని పూరించే ప్రయత్నం కొంత చేశాయి. హైదరాబాద్‌లో 2018లో బస్తీ దవాఖానాలు, అదే ఏడాది ఉచిత పరీక్షలకు తెలంగాణ డయాగ్నొస్టిక్స్ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో డాక్టరే ఊళ్లోని విలేజ్ క్లినిక్‌కి వచ్చే ఫ్యామిలీ డాక్టర్ విధానం మొదలైంది. 30 ఏళ్లు దాటినవారి దగ్గరికి ఆశా కార్యకర్తలు వచ్చి నింపే ఫారంలో ఉండేవి వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, శ్రమ, ఇంట్లో బీపీ, షుగర్ చరిత్ర లాంటి ప్రశ్నలే. రక్తం చుక్క అవసరం లేకుండా ఎవరిని ముందు పిలవాలో వాటితోనే తేలుస్తారు.

వీటన్నిటిలో లెక్కల పద్ధతి గట్టిగా ఉన్నది హైబీపీ నియంత్రణ కోసం 2017లో తెలంగాణ సహా ఐదు రాష్ట్రాల్లో మొదలైన కార్యక్రమం. రోగికి ఒక కార్డు, నెలకు సరిపడా మాత్రలు, ఏ మందు తర్వాత ఏ మందు పెంచాలో డాక్టర్‌కూ నర్సుకూ ఒకే కాగితం. అక్కడ విజయాన్ని కొలిచేది ఎంతమందికి బీపీ చూశారన్న అంకెతో కాదు. పేరు నమోదైనవారిలో ఆ మూడు నెలల్లో చివరిసారి వచ్చినప్పుడు 140/90 కంటే తక్కువ ఉన్నవారెందరని చూస్తారు. ఆ మూడు నెలల్లో ఒక్కసారీ రానివారిని ‘అదుపులో ఉన్నవారి’ వరుసలో వేయరు. వాళ్లకు ఫోన్ వెళ్తుంది.